మెదడుకు అంటుకట్టిన గడియారం

మామిడికి అంటుకట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. నాటు మామిడి టెంక పాతితే మొక్క మొలుస్తుంది. దానికి బంగినపల్లి చెట్టు కొమ్మ తెచ్చి, కోతకు కోత ఆనేలా పెట్టి, గట్టిగా కట్టు కడతారు. కొన్నాళ్ళకు రెండూ అతుక్కుపోతాయి. వేళ్ళు నాటు మామిడివే. నేలలోంచి నీరు లాగేవీ అవే. కాని చెట్టు ఎదిగి కాపుకొచ్చాక కాసేవి మాత్రం బంగినపల్లి కాయలు. పండు ఏ రకమో తేల్చేది కింది వేరు కాదు, పైన అతికిన కొమ్మ.

ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

ఇప్పుడొక వింత ప్రశ్న. కొమ్మకు బదులు మెదడులోని చిన్న తునకను ఒక జంతువు నుంచి తీసి ఇంకో జంతువు మెదడుకు అంటుకడితే ఏమవుతుంది? ఆ అంటు బతుకుతుందా? బతికితే ఏం కాస్తుంది? 1990లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు ఈ పని చేసి చూశారు. అంటు బతికింది. అది కాసింది ఏమిటో తెలుసా? కాలం! అంటుకట్టించుకున్న జంతువుకు రోజు అంటే ఎన్ని గంటలో ఆ చిన్న తునక నిర్ణయించింది.

ఆ ప్రయోగశాల పెద్ద పేరు మైకేల్ మెనకర్. గబ్బిలాలతో మొదలుపెట్టి, పిచ్చుకల మీదుగా ఎలుకల దాకా వెళ్ళి, జీవుల లోపలి గడియారం ఎక్కడుందో వెతకడానికి అరవై ఏళ్ళు వెచ్చించిన మనిషి. ఆయన కథే ఈ నెల మీకు చెబుతున్నాను.

లోపల టిక్కుటిక్కుమనేది ఏది?

వేసవి సెలవుల్లో మిమ్మల్ని ఎవరూ లేపరు. బడి గంట లేదు. ఐనా దాదాపు రోజూ ఒకే వేళకు మెలకువ వస్తుంది కదా! నిద్రగన్నేరు చెట్టు చూడండి. సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకుని నిద్రపోతుంది. పేరే అలా వచ్చింది. చింతాకూ అంతే. "ఇందులో వింతేముంది, చీకటి పడింది గనుక ముడుచుకుంది" అంటారు మీరు. 1729లో ఫ్రాన్సు దేశపు డి మైరాన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడికి అలా సరిపెట్టుకోవాలని అనిపించలేదు. అత్తిపత్తిలాంటి మొక్కనొకదాన్ని వెలుతురు సోకని చోట పెట్టాడు. సూర్యుడు కనిపించకపోయినా ఆ మొక్క పగటి వేళకు ఆకులు విప్పింది, రాత్రి వేళకు ముడిచింది. అంటే వేళ దానికి బయటినుంచి తెలియడం లేదు. లోపలే ఏదో ఉంది.

ఇలా దాదాపు 24 గంటలకోసారి తిరిగే లయను సర్కేడియన్ లయ అంటారు. లాటిన్ మాటల్లోంచి పుట్టించిన పేరు. "సుమారు ఒక రోజు" అని దాని భావం. ఈ "సుమారు" అన్నది ముఖ్యం. లోపలి గడియారం ఖచ్చితంగా 24 గంటలు తిరగదు. కాస్త అటూ ఇటూ ఉంటుంది. రోజూ తెల్లవారే వెలుతురు దాన్ని సరిదిద్దుతూ ఉంటుంది, మనం రేడియోలో వార్తలు మొదలైనప్పుడు గోడ గడియారం ముల్లు సరిచేసినట్లు. వెలుతురే లేకుండా పూర్తి చీకట్లో ఉంచితే ఆ గడియారం తన సొంత వేగంతో నడుస్తుంది. శాస్త్రజ్ఞులకు కావలసిందీ అదే. గడియారం అసలు వేగం చీకట్లోనే బయటపడుతుంది.

గబ్బిలాల నుంచి పిచ్చుకలకు

మెనకర్ 1934లో వియన్నా నగరంలో పుట్టాడు, పెరిగింది న్యూయార్కులో. చదువుకోసం ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళినప్పుడు అక్కడ కాలిన్ పిటెండ్రై అనే ఆచార్యుడు ఉన్నాడు. జీవ గడియారాల శాస్త్రానికి పునాదిరాళ్ళు వేసినవాళ్ళలో ఆయనొకడు. మెనకర్ ఎంచుకున్న జంతువులు చలికాలమంతా నిద్రలో గడిపే గబ్బిలాలు. ఆ నిద్రలో వాటి ఒళ్ళు చల్లబడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది. చూస్తే ప్రాణం ఉందా లేదా అనిపిస్తుంది. ఐనా ఆ చల్లటి ఒంట్లో ఉష్ణోగ్రత రోజూ ఒక లయలో పెరిగి తగ్గుతోందని 1959లో ఆయన ప్రకటించాడు. మిగతా ఇల్లంతా తాళం వేసి పడుకున్నా గడియారం మాత్రం నడుస్తూనే ఉందన్నమాట.

తరువాత కొన్నాళ్ళు హార్వర్డులో డోనాల్డ్ గ్రిఫిన్ దగ్గర పనిచేశాడు. గబ్బిలాలు ప్రతిధ్వని విని చీకట్లో దారి తెలుసుకుంటాయని కనిపెట్టిన గ్రిఫిన్ ఆయనే. 1962లో టెక్సస్ రాష్ట్రంలో ఆస్టిన్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం దొరికింది. అక్కడ మెనకర్ ఊరపిచ్చుకలను పట్టుకున్నాడు.

ఊరపిచ్చుక మనకు కొత్తది కాదు. వసారాలో వరికంకుల కుచ్చు వేలాడదీస్తే వచ్చి వాలేది అదే. అమెరికాలో అది పరాయిది. 19వ శతాబ్దం మధ్యలో యూరప్ నుంచి తీసుకెళ్ళి అక్కడ వదిలారు. వదిలాక ఊరూరా నిండిపోయింది. ప్రయోగశాలకు ఇంతకన్నా తేలిగ్గా దొరికే పక్షి ఏముంటుంది?

పిచ్చుకను పంజరంలో పెట్టి, అది వాలే పుల్లకింద చిన్న స్విచ్చి అమర్చారు. పిచ్చుక గెంతినప్పుడల్లా పక్కగదిలో తిరిగే కాగితం చుట్టమీద కలం ఒక గీత గీస్తుంది. పడుకుంటే గీత ఉండదు. ఒక రోజు కాగితాన్ని కత్తిరించి, దానికింద మర్నాటి పట్టీ, దానికింద ఆ మర్నాటిది, ఇలా అతికిస్తూ పోతే నెల తిరిగేసరికి పిచ్చుక దినచర్య మొత్తం ఒక బొమ్మలా కనిపిస్తుంది. మేలుకునే వేళ రోజూ ఒకటే ఐతే ఆ గీతల అంచు నిట్టనిలువుగా దిగుతుంది. రోజూ కాస్త ముందే లేస్తే ఎడమకు వాలుతుంది, ఆలస్యంగా లేస్తే కుడికి. ఈ కథంతా నిజానికి అలాంటి బొమ్మల్లో కనిపించిన వాలుల కథే.

మెనకర్ వేసుకున్న మొదటి ప్రశ్న ఇది: వెలుతురు పిచ్చుక గడియారాన్ని సరిదిద్దుతుంది, సరే; ఆ వెలుతురు ఎక్కడినుంచి లోపలికి వెళుతుంది? "ఇంకెక్కడినుంచి, కళ్ళలోంచి" అంటారు ఎవరైనా. ఆయన కళ్ళు తీసేసిన పిచ్చుకలతో పరీక్షించాడు. గదిలో దీపం వెలిగే వేళలు మారిస్తే, ఆ గుడ్డి పిచ్చుకలు కూడా దీపాన్నే అనుసరించి లేచాయి, పడుకున్నాయి!

ఇక్కడ ఆగి ఒక మాట. ఇది చదువుతుంటే మీలో కొందరికి ప్రాణం చివుక్కుమని ఉంటుంది. నాకూ అనిపించింది. ఈ రోజుల్లో ఇలాంటి ప్రయోగాలు చేయాలంటే జంతువుల సంక్షేమం చూసే సంఘం అనుమతి కావాలి. బాధ తగ్గించే ఏర్పాట్లు ఉండాలి. ఆ పిచ్చుకల వల్ల తెలిసిందేమిటో తెలుసుకుని ఉండడం మనవైపునుంచి కనీస మర్యాద.

వెలుతురు కాక దీపం వేడిమో, మరో సవ్వడో వాటికి వేళ తెలిపి ఉండవచ్చు కదా అన్న అనుమానం ఉంది. మెనకర్ దాన్ని తేల్చిన తీరు చూడండి. వెలుతురును బాగా తగ్గించాడు. ఎంత మసకచేశాడంటే గుడ్డి పిచ్చుకలు ఇక దాన్ని పట్టుకోలేక సొంత వేగంతో నడవసాగాయి. అప్పుడు వాటి నెత్తిమీది ఈకలు పీకేశాడు. అదే మసక వెలుతురులో అవి మళ్ళీ దీపాన్ని అనుసరించాయి. తరువాత నెత్తి చర్మంకింద నల్లసిరా ఎక్కించాడు. దారి తప్పాయి. అంటే వెలుతురు పుర్రెలోంచి నేరుగా మెదడులోకి పోతోంది, అక్కడ దాన్ని గ్రహించేది ఏదో ఉంది. 1968లో ఈ సంగతి వెల్లడైంది. వెలుతురు గ్రహించే కణాలు పక్షుల మెదడు లోతుల్లో ఉన్నాయని తరువాతి శాస్త్రజ్ఞులు చూపించారు. ఈకలూ సిరాసీసా! గొప్ప ప్రయోగాలన్నిటికీ గొప్ప యంత్రాలు అక్కరలేదని ఎవరికైనా చెప్పాలంటే నేను ఈ ప్రయోగమే చెబుతాను.

కంట్లో పెట్టిన గ్రంథి

అదే 1968లో మెనకర్ బృందం ఇంకో మెట్టెక్కింది. పిచ్చుక మెదడు పైభాగాన పీనియల్ గ్రంథి ఉంటుంది. రాత్రివేళ మెలటోనిన్ అనే హార్మోను తయారుచేసేది అదే. దాన్ని తీసేసి పిచ్చుకను పూర్తి చీకట్లో ఉంచితే లయ చెదిరిపోయింది. వేళాపాళా లేదు. కాసేపు గెంతడం, కాసేపు కునుకు, మళ్ళీ గెంతడం.

ఐతే దీన్నిబట్టి పీనియలే గడియారం అనవచ్చా? తొందరపడకండి. రేడియోలోంచి ఒక తీగ పీకేస్తే పాట ఆగిపోతుంది. అంతమాత్రాన ఆ తీగే పాట పాడుతోందని అనలేం. ఒక భాగాన్ని తీసేస్తే పని ఆగిందంటే ఆ భాగం ఆ పనికి అవసరమని మాత్రమే తెలుస్తుంది. ఆ పని చేసేది అదేనా అన్నది తేలదు.

తేల్చాలంటే ఏం చెయ్యాలి? దాన్ని ఇంకొకరికి ఇచ్చి చూడాలి. 1970లలో మెనకర్, ఆయన శిష్యుడు జిమ్మర్‌మన్ కలిసి ఒక పిచ్చుక పీనియల్ గ్రంథిని తీసి, గ్రంథి లేని మరో పిచ్చుక కంటి ముందు గదిలో పెట్టారు. కంట్లో ఎందుకంటారా? అక్కడ రక్తనాళాలు త్వరగా అల్లుకుని, పెట్టిన కణజాలాన్ని పోషిస్తాయి. లయ పోయిన పిచ్చుకకు లయ తిరిగి వచ్చింది. మెదడుకూ ఆ గ్రంథికీ మధ్య ఉండే నాడులు కంట్లో లేవు. ఐనా పనిచేసిందంటే అది తన కబురు నాడులమీద కాక రక్తంలో కలిసే రసాయనంగా పంపుతోందన్నమాట.

1979లో వాళ్ళు ఇంకా నిక్కచ్చిగా అడిగారు. దానమిచ్చే పిచ్చుకలను రెండు జట్లుగా చేసి, రెంటికీ వేరువేరు వేళల్లో "తెల్లవారేలా" దీపాలు పెట్టారు. ఒకదానికి ఉదయమైన వేళకు ఇంకోదానికి కాదు. తరువాత వాటి గ్రంథులను గ్రంథి లేని పిచ్చుకలకు పెట్టి చీకట్లో ఉంచారు. ఏ జట్టు గ్రంథి వచ్చిందో ఆ జట్టు వేళకే పుచ్చుకున్న పిచ్చుక నిద్రలేచింది! ఇచ్చిన పక్షి ఉదయం పుచ్చుకున్న పక్షికి చేరింది. ఇక సందేహం లేదు. పిచ్చుకకు పీనియల్ గడియారమే.

తొందరపడే హామ్‌స్టర్

పక్షుల సంగతి సరే, మరి మనలాంటి పాలిచ్చే జంతువులకు? వాటిలో పీనియల్ తీసేసినా లయ పోదు. గడియారం మరోచోట ఉంది. రెండు కళ్ళనుంచి వచ్చే నాడులు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటుకునే చోటుకు సరిగ్గా పైన రెండు బుల్లి గుంపులుగా నాడీకణాలుంటాయి. వాటి పేరు సుప్రాకయాస్మాటిక్ కేంద్రకం. మాట పలకడానికి నోరు తిరగకపోతే "కూడలి గడియారం" అనుకుందాం, మనలో మనం. ఎలుకజాతి జంతువుల్లో ఒక్కో గుంపులో ఉండేవి సుమారు 10,000 కణాలే. ఆ కాస్త చోటు దెబ్బతింటే ఎలుకల లయ పోతుందని 1972లో అమెరికాలో రెండు బృందాలు వేరువేరుగా చూపించాయి. కాని రేడియో తీగ ప్రశ్న మళ్ళీ ఎదురైంది. అవసరమే, కాని గడియారం అదేనా?

1980లలో కొన్నిచోట్ల శాస్త్రజ్ఞులు ఈ కేంద్రకాన్ని కూడా అంటుకట్టారు. పుట్టబోయే పిల్లల లేత మెదడు నుంచి తీసిన తునకను, లయ పోయిన జంతువు మెదడులో పెట్టారు. లేత కణాలైతేనే కొత్తచోట నాటుకుంటాయి. లయ తిరిగి వచ్చింది. అంతటితో అయిపోయిందా? లేదు. ఇక్కడే అసలు చిక్కు.

ఆగిపోయిన మీ ఇంటి గోడ గడియారంలో పక్కింటి గడియారంలోని చక్రం తెచ్చి పెట్టారనుకోండి. అది మళ్ళీ నడిచింది. దాన్ని నడుపుతున్నది కొత్త చక్రమా? లేక కొత్త చక్రం తగిలిన కుదుపుకు పాత చక్రాలే కదిలాయా? బయటినుంచి చూస్తే రెండూ ఒకటే, ముల్లు తిరుగుతోంది. మెదడు మరమ్మతులో ఈ ప్రశ్న ప్రాణాధారం. పార్కిన్సన్ వ్యాధితో కాళ్ళూ చేతులూ వణికే రోగుల మెదడులో లేత కణాలు నాటే ప్రయత్నం 1987లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో మొదలైంది. కొందరికి మేలు చేసింది, కొందరికి చెయ్యలేదు. మేలు జరిగినచోట అది నాటిన కణాల పనేనా, లేక అవి ఆసరా ఇస్తే రోగి సొంత కణాలు పుంజుకున్నాయా? తెలియకపోతే వైద్యుడు తరువాతి అడుగు ఎటు వెయ్యాలి?

ఇచ్చిన జంతువు కణాలకు ఏదైనా ముద్ర ఉంటే బాగుండును. బంగినపల్లి కాయ చూడగానే బంగినపల్లి అని తెలిసినట్లు.

ఆ ముద్ర దానంతటదే ఒక పెట్టెలో వచ్చింది. మెనకర్ అప్పటికి ఆరెగన్ విశ్వవిద్యాలయానికి మారాడు. ఆ ప్రయోగశాలలో వాడేవి బంగారు రంగు హామ్‌స్టర్లు. కొవ్వెక్కిన చిట్టెలుకలా ఉండి, గింజలు దవడ సంచుల్లో దాచుకునే జంతువు, సిరియా దేశానిది. రాత్రిపూట లేచి, పంజరంలో పెట్టిన చక్రంలో ఎడతెగకుండా పరుగెడుతుంది. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో యంత్రం రాసుకుంటుంది. వ్యాపారుల దగ్గర కొనితెచ్చిన హామ్‌స్టర్లలో ఒక మగది మిగతావాటిలా లేదు. దీపాలు ఆరకముందే, కొన్ని గంటల ముందే లేచి చక్రమెక్కుతోంది. మార్టిన్ రాల్ఫ్ అనే విద్యార్థి దాన్ని పట్టించుకున్నాడు. చీకట్లో ఉంచి చూస్తే దాని రోజు 24 గంటలు కాదు, సుమారు 22 గంటలు! గీతల బొమ్మ నిటారుగా దిగడం మాని రోజుకు రెండు గంటల చొప్పున ఎడమకు వాలిపోయింది. లెక్కవెయ్యండి: 12 రోజుల్లో అది ఒక రోజంతా ముందుకు పోతుంది.

యంత్రం పాడైందనో, జంతువుకు జబ్బు చేసిందనో పక్కన పెట్టేసి ఉంటే ఈ కథ ఇక్కడితో ముగిసేది. వాళ్ళు దానికి పెళ్ళి చేశారు! పిల్లల్లో కొన్ని 24 గంటలవి, కొన్ని 22 గంటలవి. 22 గంటల పిల్లల్ని వాటిలో వాటికే జతకడితే మనవలు మూడు రకాలుగా పుట్టాయి: 24, 22, 20. మెండెల్ బఠాణీ మొక్కల పాఠం చదివినవాళ్ళకు ఇది వెంటనే అర్థమై ఉంటుంది. ఒకే జన్యువు మారింది. ఒక పాలు అందితే 22 గంటలు, తల్లినుంచీ తండ్రినుంచీ రెండు పాళ్ళూ అందితే 20 గంటలు. ఆ మార్పుకు "టౌ" అని పేరుపెట్టి 1988లో ప్రకటించారు.

ఇచ్చినవాడి కాలం

అప్పటికి మెనకర్ వర్జీనియా విశ్వవిద్యాలయానికి చేరాడు. 1990 నాటి ప్రయోగం అక్కడిదే. రాల్ఫ్, రసెల్ ఫాస్టర్, ఫ్రెడ్ డేవిస్, మెనకర్ కలిసి చేశారు. కూడలి గడియారం తీసేసిన హామ్‌స్టర్లు వేళాపాళా లేకుండా తిరుగుతున్నాయి. 24 గంటల జాతి హామ్‌స్టర్‌కు 20 గంటల జాతి తునక అంటుకట్టారు. 20 గంటల దానికి 24 గంటల తునక. అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ.

మామిడి చెట్టు గుర్తుందా? ఇప్పుడు ఊహించండి, ఏం జరిగి ఉంటుందో.

లయ తిరిగి వచ్చింది. ప్రతిసారీ ఇచ్చినదాని లయే వచ్చింది. పుట్టినప్పటినుంచీ 24 గంటల రోజుతో బతికిన జంతువు 20 గంటలకోసారి చక్రమెక్కింది. దాని గుండె, కాళ్ళు, కండరాలు, మెదడులో మిగతా భాగమంతా పాతవే. మారింది సూదిమొనంత తునక. పాత చక్రాలు తిరిగి కదలడం కాదు, నడుపుతున్నది కొత్త చక్రమేనని తేలిపోయింది. చెడిన మెదడులో నాటిన కణాలు తమ పని తామే చేస్తాయని ఇంత స్పష్టంగా, గంటల లెక్కతో సహా చూపిన ప్రయోగాలు చాలా తక్కువ.

రెండేళ్ళకు అదే ప్రయోగశాలలో ఇంకో తమాషా చేశారు. పాత గడియారాన్ని పూర్తిగా తీసెయ్యకుండా కొంత మిగిల్చి, పక్కన వేరే వేగంగల తునకను నాటారు. ఆ జంతువుల బొమ్మల్లో రెండు వాలులు ఒకేసారి కనిపించాయి. ఒకే ఒంట్లో రెండు రోజులు! మీకొక లెక్క: ఒక గడియారం సరిగ్గా 24 గంటలది, ఇంకోటి సరిగ్గా 20 గంటలది ఐతే, ఈ రోజు రెండూ కలిసి మోగితే మళ్ళీ ఎప్పుడు కలిసి మోగుతాయి? (ఐదు రోజులకు. 120 గంటల్లో ఒకటి ఐదుసార్లు, రెండోది ఆరుసార్లు తిరుగుతుంది.)

మరమ్మతు ఎంతవరకు?

ఇదంతా విని మెదడు మరమ్మతు తేలికైపోయిందని అనుకోకండి. అంటుకట్టిన తునక మిగతా మెదడుతో ఎలా మాట్లాడుతోందన్న ప్రశ్న ఉంది. న్యూయార్కులో రే సిల్వర్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు కలిసి 1996లో ఒక ఉపాయం చేశారు. తునకను సన్నని రంధ్రాలున్న చిన్న గొట్టంలో పెట్టి మూసి, ఆ గొట్టాన్ని మెదడులో ఉంచారు. రంధ్రాల్లోంచి రసాయనాలు బయటికి రాగలవు, నాడీతంతువులు పెరిగి రాలేవు. ఐనా హామ్‌స్టర్ లయతో చక్రమెక్కింది. పిచ్చుక కంట్లోని గ్రంథిలాగే ఇదీ కబురును రసాయనంగా పంపుతోందన్నమాట.

కాని 1999లో ఇంకో సంగతి బయటపడింది. అంటుకట్టిన హామ్‌స్టర్లకు పరుగు లయ తిరిగి వచ్చిందే గాని, మెలటోనిన్, కార్టిసాల్ వంటి హార్మోన్ల లయ రాలేదు. వాటికి రసాయనం చాలదు, నాడుల తీగలే కావాలి. ఆ తీగలు మళ్ళీ అతుక్కోలేదు. కాళ్ళకు వేళ తెలిసింది, గ్రంథులకు తెలియలేదు. సగం బాగుపడిన ఇల్లు. నాడుల తీగలను సరైన చోటికి తిరిగి పెరిగేలా చెయ్యడం ఇవాళ్టికీ మెదడు మరమ్మతు చేసేవాళ్ళను ఏడిపిస్తున్న పనే.

రాల్ఫ్ తరువాత కెనడాలో స్థిరపడ్డాడు. ముసలి హామ్‌స్టర్లలో గడియారం బలహీనపడుతుంది. వాటికి లేత తునకను నాటితే లయ బలపడటమే కాక అవి ఎక్కువకాలం బతికాయని 1998లో ఆయన బృందం తెలిపింది. మనుషులకు ఇలా ఎవరూ చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరమూ లేదేమో. వెలుతురుతో, భోజనం వేళలతో గడియారాన్ని దారిలో పెట్టవచ్చు.

ఆ భోజనం సంగతి కూడా మెనకర్ ప్రయోగశాలదే. కూడలి గడియారమే రాజు అని నిరూపించిన మనిషే, రాజు ఒక్కడే కాడని కూడా చూపించాడు. ముందు 1996లో, హామ్‌స్టర్ కంటి రెటీనాను బయటికి తీసి గాజుపాత్రలో పెంచినా దానికి సొంత లయ ఉందని చూపించాడు. తరువాత 2000లో ఒక చక్కని పని జరిగింది. మిణుగురు పురుగు వెలగడానికి వాడే పదార్థం తాలూకు జన్యువును ఎలుకల గడియారపు జన్యువుకు తగిలించారు. ఆ ఎలుకల కణజాలంలో గడియారం తిరిగేకొద్దీ సన్నటి వెలుగు పెరిగి తగ్గుతుంది. కాలేయం, ఊపిరితిత్తి, కండరం, దేన్ని తీసి పాత్రలో పెట్టినా అది రోజుకోసారి మిణుకుమంది! ఒంటినిండా గడియారాలే. దీపాల వేళలు మార్చేస్తే కూడలి గడియారం చప్పున కొత్త వేళకు సర్దుకుంది. మిగతావి వెనకబడ్డాయి. విమానంలో దూరదేశం వెళ్ళినవాళ్ళకు కొన్నాళ్ళు ఒళ్ళు కుదురుగా ఉండకపోవడానికి కారణం ఇదే. తల అమెరికా చేరుతుంది, కాలేయం ఇంకా హైదరాబాదులోనే ఉంటుంది.

2001లో ఆ ఎలుకలకే తిండి పెట్టే వేళ మార్చారు. రెండు రోజుల్లో కాలేయం గడియారం పది గంటలు జరిగిపోయింది. కూడలి గడియారం మాత్రం కదల్లేదు. అంటే అర్ధరాత్రి తినే అలవాటు ఉన్నవాళ్ళకు మెదడు ఒక వేళ చెబుతుంటే కాలేయం ఇంకో వేళ చెబుతుంది. ఇది వట్టి ముచ్చట కాదు. 2006లో మెనకర్ కూడా పాల్గొన్న పరిశోధనలో ముసలి చిట్టెలుకలకు ఎనిమిది వారాలపాటు వారానికోసారి దీపాల వేళ ఆరేసి గంటలు ముందుకు జరిపారు. మార్పు లేనివాటిలో 83 శాతం బతికి ఉంటే, వీటిలో 47 శాతమే మిగిలాయి. వేళను వెనక్కి జరిపినవాటిలో 68 శాతం. వారానికో షిఫ్టు మారే కార్మికుల గురించి ఆలోచించేవాళ్ళు ఈ లెక్క చూడాలి.

ఇక ఆ తొందరపాటు హామ్‌స్టర్ జన్యువు ఏమిటో 2000లో తెలిసింది. దాన్ని పట్టుకున్న బృందంలో జోసెఫ్ తకహాషి ఉన్నాడు. ఒకప్పటి మెనకర్ శిష్యుడే. గడియారపు ప్రొటీన్లకు ఫాస్ఫేటు తగిలించే ఒక ఎంజైము జన్యువులో ఒకేఒక్క అక్షరం మారింది. మరుసటి ఏడాది ఒక మనుషుల కుటుంబం సంగతి వెల్లడైంది. ఆ ఇంట్లో కొందరు సాయంత్రం ఏడున్నర ప్రాంతంలోనే నిద్రకు ఒరిగిపోతారు, తెల్లవారుజామున నాలుగున్నరకల్లా లేచి కూర్చుంటారు. వాళ్ళలో మారింది సరిగ్గా ఆ ఎంజైము తాకే ప్రొటీను. ఆరెగన్ పంజరంలో దీపం ఆరకముందే చక్రమెక్కిన జంతువుకు మనుషుల్లో దాయాదులు దొరికారన్నమాట.

మెనకర్ 2021లో చనిపోయాడు. జీవ గడియారపు జన్యువును ఈగల్లో శోధించిన ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పట్టికలో ఆయన లేడు. ఆయన శిష్యులు మాత్రం ఎన్నో ప్రయోగశాలల్లో ఉన్నారు.

గీతల బొమ్మ మీరూ వెయ్యవచ్చు. వచ్చే సెలవుల్లో గళ్ళ కాగితాన్ని పట్టీలుగా కత్తిరించండి. ఒక్కో పట్టీకి 24 గళ్ళు, ఒక్కో గడి ఒక గంట. నిద్రలో ఉన్న గంటలు ఖాళీగా వదిలి, మెలకువగా ఉన్నవి పెన్సిలుతో నింపండి. రోజుకో పట్టీ, ఒకదానికింద ఒకటి అతికించండి. మీ తాతయ్యనో నాయనమ్మనో అడిగి వాళ్ళ పట్టీలూ పక్కనే అతికించండి. నెల తిరిగాక మెలకువ అంచు నిటారుగా దిగిందా, ఎటైనా వాలిందా, బడి తెరిచిన రోజున ఏం జరిగిందో చూడండి.